ఉలుకూ పలుకూ లేని పిట్టని తెచ్చుకున్నావటగా

అమ్మడూ,

మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎవరో పెంచలేక వదిలించుకుంటుంటే ఆ పారట్‌లెట్‌ని, అదే ఆ పిడికెడంత చిలకని, నువ్వు ఇంటికి తెచ్చుకున్నావట, వచ్చిన దగ్గర్నుంచీ అది ఉలకదు పలకదు, పంజరంలో ఒకే మూల కూర్చుంటోందట, ఆదివారం సెలవే కదా అని తలుపు తీసి చేతికి మాలిమి చేసేస్తానంటున్నావట. వేరేవాళ్ళు వద్దనుకున్న ప్రాణిని తెచ్చుకున్నావంటే నాకెంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే ఊ కొడుతూ వేరే పని చేసుకుంటావు, నాకు తెలుసు, అందుకే రాస్తున్నా. మధ్యలో ఆపకుండా చదువు.

అసలు అది తింటోందా? గిన్నె చూసి చెప్పకు, పిట్టని చూసి చెప్పు. అరవడం లేదు, ఆడటం లేదు అని అందరూ కంగారు పడతారు గానీ, పారట్‌లెట్ మామూలుగానే మిగతా చిలకలంత గోల చేసే జాతి కాదు, పైగా కొత్త ఇల్లు, కొత్త మనుషులు, కొత్త చప్పుళ్ళు. ఒక వారం నోరు విప్పకపోతే విప్పకపోనీ. పెద్దయ్యాక ఇల్లు మారిన పిట్ట అయితే నెలలు కూడా పట్టొచ్చు. ఆ మౌనానికి నేను భయపడను. తిండి మానేసిన మౌనానికి భయపడతాను. అంత చిన్న ఒంట్లో నిల్వ అంటూ ఏమీ ఉండదు, ఒక రోజు పూర్తిగా తినకపోతే ప్రాణం మీదకి వస్తుంది.

భయంతో ఉన్న పిట్ట ఈకల్ని ఒంటికి గట్టిగా అతుక్కునేలా పెట్టుకుని, సన్నగా నిటారుగా అయిపోయి, కళ్ళు పెద్దవి చేసుకుని నిన్నే చూస్తుంటుంది. కదలదు గానీ కనిపెడుతూనే ఉంటుంది. అది ఫర్వాలేదు, వదిలెయ్యి. జబ్బు పిట్ట అలా కాదు. పట్టపగలు బంతిలా ఈకలు ఉబ్బించుకుని, కళ్ళు సగం మూసుకుని, నువ్వు దగ్గరికొచ్చినా పట్టనట్టు ఉంటుంది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా తోక పైకీ కిందకీ ఊగుతుంది. కర్ర మీద ఉండలేక పంజరం అడుగుకి దిగి కూర్చుంటుంది, లేదా నోరు తెరిచి ఊపిరి తీస్తుంది. వీటిలో ఏది కనబడినా రేపు చూద్దాంలే అనకు, అప్పటికప్పుడు పక్షుల్ని చూసే డాక్టర్ దగ్గరికి వెళ్ళు. అడవిలో నీరసంగా కనిపించిన పిట్టనే డేగ ముందు ఎత్తుకుపోతుంది కాబట్టి ఒంట్లో బాగోలేకపోయినా ఓపికున్నంత వరకూ బయటపడనివ్వవు. మన కంటికి జబ్బుగా కనిపించిందంటే అప్పటికే ముదిరిందని అర్థం. ఒంటికాలి మీద నిలబడి కునికినా, ఈకలు ఒకసారి ఉబ్బించి విదిలించినా, నిద్రకి ముందు ముక్కు కటకట నూరుకున్నా అవన్నీ మంచి గుర్తులే, వాటికి టెన్షన్ పడి నాకు ఫోన్ చెయ్యకు. సరే, చెయ్యి, ఎత్తుతాను.

ఇప్పుడు మీ పెదనాన్న సంగతి. పక్కనే కూర్చుని "అది రాయకు" అంటున్నారు, రాసి తీరతాను. మా బఠాణీ వచ్చిన కొత్తలో, అదే ఆ ఆకుపచ్చ పిట్ట, నువ్వు చిన్నప్పుడు దాని చేత చెవి కొరికించుకుని ఇల్లెగిరిపోయేలా ఏడ్చావు చూడు, అది కూడా ఇలాగే చప్పుడు చెయ్యకుండా కూర్చునేది. పిట్ట బాధ్యతంతా ఈయనదే, నన్ను వేలు పెట్టనిచ్చేవారు కాదు. భయపడుతోంది, ఎవరూ దగ్గరికి వెళ్ళొద్దు అని అందరికీ ఆర్డర్ వేశారు. అంతవరకూ మంచిదే. రోజూ దూరం నుంచి గింజల గిన్నె వంక చూడటం, నిండుగానే ఉంది, దానికి ఆకలేసినప్పుడు అదే తింటుందిలే అనడం. ఈయన లెక్క ప్రకారం గిన్నె నిండుగా ఉంటే తిండికి లోటు లేనట్టు.

గింజల్ని అవి మింగెయ్యవే తల్లీ. ముక్కుతో వొలిచి, లోపలి పప్పు తిని, పొట్టు మళ్ళీ ఆ గిన్నెలోనే పడేస్తాయి. ఆ పొట్టు చూడటానికి అచ్చం గింజలాగే ఉంటుంది. వచ్చిన రోజు అది దొరికినవన్నీ తినేసింది, ఆ తర్వాత గిన్నె నిండా మిగిలింది పొట్టే. పాపం ఆ పిట్ట పొట్టు కిందెక్కడో దొరికిన ఒకటీ అరా గింజలతో నెట్టుకొస్తుంటే, ఈయన గిన్నె నిండుగా ఉందని నిశ్చింతగా ఉన్నారు. అది ఈకలు ఉబ్బించుకుని గుండ్రంగా కునుకుతుంటే ముద్దొస్తోందని ఫోటోలు తీసి చుట్టాలందరికీ పంపించారు! వాళ్ళూ ఎంత బాగుందో అన్నారు. ఎవరికైనా ఏం తెలుస్తుంది? ఒక పొద్దున చూస్తే అది పంజరం అడుగున కూర్చుని ఉంది, చెయ్యి దగ్గరికి తెచ్చినా జరగలేదు. పరుగెత్తుకుంటూ తీసుకెళ్ళాం. పంజరంతో సహా పట్టుకెళ్ళడం ఒక్కటే ఈయన చేసిన మంచి పని, ఎందుకంటే ఆ డాక్టరు మాతో ఒక్క మాటా మాట్లాడకుండా ముందు గిన్నె తీసి ఉఫ్ అని ఊదారు. పొట్టంతా టేబుల్ మీదకి ఎగిరిపోయింది, అడుగున పట్టుమని పది గింజలు లేవు. ఈయన మొహం చూడాలి అప్పుడు. దాన్ని వెచ్చగా ఉంచి, గొట్టంతో ఆహారం పట్టించి, ఎలాగో నిలబెట్టారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది, మనుషుల్ని కొరుక్కుంటూ సుఖంగా బతికింది, కానీ ఆ పొద్దుటి సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

కాబట్టి పొద్దునా సాయంత్రం గిన్నె బయటికి తీసి ఊదు. తక్కువైనవి నింపడం కాదు, ఊదాక ఎన్ని మిగిలాయో చూడు.

ఇంకొకటి, గ్రాముల్లో చూపించే డిజిటల్ కాటా కొను, వంటింట్లో వాడేది చాలు. డాక్టర్ దగ్గర్నుంచి వచ్చాక మీ పెదనాన్న చేసిన మొదటి పని అదే, ఆ తర్వాత ఒక్క రోజు కూడా మానలేదు, నోటుబుక్కులు నిండిపోయాయి. పూర్తిగా ఎదిగిన పారట్‌లెట్ సుమారు 30 గ్రాములు ఉంటుంది. పొద్దున్నే, రెట్ట వేశాక, తిండి పెట్టకముందు తూచాలి. ఒక గ్రాము అటూ ఇటూ పర్లేదు. 3 గ్రాములు తగ్గిందంటే మాత్రం 60 కిలోల మనిషి 6 కిలోలు తగ్గినట్టే, ఇక ఆగకూడదు. ఇప్పుడే పట్టుకుని తూచమనడం లేదు, భయంతో ఉన్న పిట్టని వేటాడి కాటా మీద పెడితే ఉన్న నమ్మకం పోతుంది. పంజరంలో అది ఎక్కువసేపు కూర్చునే కర్రలాంటిదే ఇంకోటి కాటా మీద నిలబెట్టడం తర్వాత అలవాటు చెయ్యొచ్చు. అప్పటిదాకా రెట్టలు చూడు. అడుగున తెల్ల కాగితం వేసి రోజూ మార్చు. ఆకుపచ్చ ముద్ద, దాని మీద తెల్లటిది, చుట్టూ కొంచెం నీరు, ఇది మామూలు రెట్ట. వచ్చిన రోజు భయానికి నీళ్ళగా ఉండొచ్చు. రెట్టలు బాగా తగ్గిపోయి, చిన్నగా, ముదురు ఆకుపచ్చగా ఉంటే కడుపులోకి ఏమీ వెళ్ళడం లేదని. అసహ్యం అనుకోకు, ఫోటో తీసి నాకు పంపు.

తిండి మార్చకు. పాత ఇంట్లో ఏం పెట్టేవాళ్ళో ఫోన్ చేసి కనుక్కో, అదే పెట్టు, అదే గిన్నె దొరికితే ఇంకా మంచిది. పెల్లెట్లు, అంటే పిట్టల కోసం పిండితో చేసి అమ్మే గుళికల తిండి, ఆరోగ్యానికి మంచివే, కానీ గింజలకి అలవాటు పడ్డ పిట్టకి పెల్లెట్ తిండని కూడా తెలీదు, దాని ముందే పెట్టుకుని పస్తుంటుంది. ఆ మార్పు తర్వాత, బరువు తూస్తూ, నెమ్మదిగా. అవకాడో, చాక్లెట్, కాఫీ, ఉల్లి, ఉప్పు వేసినవి ఎప్పటికీ వద్దు.

పంజరం ఒక వైపు గోడకి ఆనించి, నీ కళ్ళ ఎత్తులో, మనుషులు కనబడే గదిలో పెట్టు. చువ్వల మధ్య సందు అర అంగుళం దాటకూడదు. రాత్రి 10, 12 గంటలు చీకటి, నిశ్శబ్దం కావాలి. కిటికీకి ఎదురుగా పెట్టావేమో చూసుకో, బయట కాకో గద్దో కనబడినప్పుడల్లా అది బిగుసుకుపోతుంది, నువ్వేమో నన్ను చూసి భయపడుతోందని బాధపడతావు.

వంటింటికి మాత్రం దూరం. దీని మీద నాతో వాదించకు. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా పొయ్యి మీద మర్చిపోతే అందులోంచి వచ్చే పొగ మనకి వాసన కూడా రాకముందే పిట్ట ఊపిరితిత్తుల్ని దెబ్బ తీస్తుంది, నిమిషాల్లో పోతుంది. నువ్వు పొయ్యి మీద పాలు పెట్టి సీరియల్ చూసే పిల్లవి, నాకు తెలీదా. ఆ పెనాలు ఎవరికైనా ఇచ్చెయ్యి. రూమ్ స్ప్రేలు, సెంటు కొవ్వొత్తులు కూడా వద్దు.

ఇక నీ ఆదివారం ప్లాను. వాయిదా వెయ్యి. పంజరంలోకి చెయ్యి పెట్టి పట్టుకోవడం మాలిమి చెయ్యడం కాదు. పిట్టలకి మనలా ఊపిరితిత్తుల కింద డయాఫ్రం అనే కండరం ఉండదు, ఛాతీ ముందుకీ వెనక్కీ కదిలితేనే ఊపిరి ఆడుతుంది, ఒంటి చుట్టూ చెయ్యి బిగిస్తే ఊపిరాడక చచ్చిపోతుంది. తలుపు తీసి వదిలేస్తే, ఇల్లు తెలియని పిట్ట బెదిరి అద్దానికో గోడకో కొట్టుకుంటుంది, లేదా తిరుగుతున్న ఫ్యాన్‌లోకి ఎగురుతుంది. దాన్ని బయటికి వదిలే రోజు వచ్చినప్పుడు ఫ్యాను ఆపి, తలుపులు వేసి, అద్దాలకి కర్టెన్లు లాగి, అప్పుడు.

ఆదివారం ఏం చెయ్యాలంటే, కుర్చీ తెచ్చుకుని పంజరానికి కాస్త దూరంలో, పక్కకి తిరిగి కూర్చో. తదేకంగా దాని కళ్ళలోకి చూడకు, అలా చూసేది వేటాడేవాళ్ళే. పేపరు పైకి చదువు, ఆఫీసులో వాళ్ళని తిట్టుకో, ఏదైనా మాట్లాడు, గొంతు మెత్తగా ఉంటే చాలు. నీ టిఫిన్ అక్కడే తిను. గుంపులో బతికే జాతి కదా, పక్కన ఒకరు తింటుంటే వాటికీ ధైర్యం వస్తుంది. నువ్వు లేనప్పుడు తింటోందో లేదో తెలియకపోతే ఫోన్‌ని ఎక్కడైనా ఆనించి ఒక అరగంట వీడియో పెట్టి వెళ్ళిపో, చాలా పిట్టలు మనం గుమ్మం దాటగానే గిన్నె మీదకి దూకుతాయి. కొన్నాళ్ళకి నువ్వు వచ్చినా తినడం ఆపదు. అప్పుడు కొర్ర కంకి చువ్వల సందులోంచి అందించు, అది ముందుకొస్తే సరే, వెనక్కి జరిగితే నువ్వూ వెనక్కి జరుగు. దాని మాట నువ్వు వింటావని దానికి తెలియాలి. పైనుంచి చెయ్యి తీసుకురాకు, ఎదురుగా, కింద నుంచి తీసుకురా. ఒకసారికి ఐదు నిమిషాలు చాలు.

తోడు లేక దిగులు పడుతోందని ఇంకో పిట్టని తెస్తానన్నావట కూడా. వద్దే! పారట్‌లెట్లు చూడటానికి పిడికెడంతే గానీ తన చోటులోకి వచ్చిన వాళ్ళతో గట్టిగా కొట్లాడతాయి, వేళ్ళు తెగేలా కొరుక్కుంటాయి. కొత్త పిట్టని కనీసం 30 రోజులు వేరే గదిలో ఉంచి జబ్బులేమీ లేవని చూసుకోవాలి, నీకున్నది రెండు గదులు. అద్దం కూడా పెట్టకు, అందులో పిట్టకి అతుక్కుపోయి నిన్ను పట్టించుకోదు. గుడ్డతో చేసిన గూళ్ళు అమ్ముతుంటారు, అవీ వద్దు, దారాలు కాళ్ళకి చుట్టుకుంటాయి, పైగా ఆడపిట్ట అయితే గూడు చూసి గుడ్లు పెట్టడం మొదలెట్టొచ్చు.

అవును, అది ఆడదా మగదా? పారట్‌లెట్లలో పసిఫిక్ అనే రకమైతే మగదానికి రెక్కల మీద, నడుము మీద, కంటి వెనక ముదురు నీలం ఉంటుంది. ఆడదైతే మగతోడు లేకపోయినా గుడ్డు పెట్టగలదని గుర్తుపెట్టుకో. గుడ్డు అడ్డం పడితే కూడా ఇలాగే ఉబ్బిపోయి, ముక్కుతూ, అడుగున కూర్చుంటుంది. అది గంటల లెక్క, రాత్రయినా సరే బయలుదేరాలి. అందుకే డాక్టర్ ఎక్కడున్నారో, రాత్రి పూట ఎవరు చూస్తారో ఈ రోజే కనుక్కుని నంబరు పంజరం పక్కన అంటించు. ఎలాగూ మొదటి వారంలో ఒకసారి చూపించడం మంచిదే.

దాని కోసం ఉద్యోగం మానేసి కూర్చోకు, నువ్వూ వేళకి తిను. మీ అమ్మ చెప్పింది, రాత్రి రెండింటి వరకూ దాని పక్కనే లైటు వేసుకుని కూర్చున్నావట, ఆ లైటుకి అదెలా నిద్రపోతుంది? ఏదో ఒక రోజు నీ వేలు గట్టిగా కొరుకుతుంది. అప్పుడు ఏడవకు, దానికి ధైర్యం వచ్చిందని, చెయ్యి కడుక్కుని నాకు ఫోన్ చెయ్యి. అంతలోపు గిన్నె ఊది, ఎన్ని గింజలు మిగిలాయో, రెట్టలు ఎలా ఉన్నాయో ఈ సాయంత్రమే మెసేజ్ పెట్టు. మీ పెదనాన్న నోటుబుక్కులో కొత్త పేజీ తీసి, పైన తేదీ వేసుకుని కూర్చున్నారు. పిట్ట పేరేమిటని అడుగుతున్నారు.

మీ పెద్దమ్మ