ఎంబెడ్ చేసిన వీడియో, డౌన్‌లోడ్ చేసి పెట్టిన వీడియో చట్టం దృష్టిలో ఒకటేనా?

ప్రశ్న: పిల్లలకు సైన్స్ పాఠాలు చెప్పే వెబ్‌సైట్ నడుపుతున్నాను. యూట్యూబ్‌లో ఒకరు పెట్టిన ప్రయోగం వీడియోను మొదట ఎంబెడ్ కోడ్‌తో మా పేజీలో చూపించాను. మధ్యలో ప్రకటనలు వస్తున్నాయని తర్వాత దాన్ని డౌన్‌లోడ్ చేసి, మా సర్వర్‌లో ఉంచి, వీడియో ట్యాగ్‌తో పెట్టాను. కింద వారి ఛానెల్ పేరు కూడా రాశాను. ఇప్పుడు తొలగించమని, నష్టపరిహారం ఇవ్వమని లాయర్ నోటీసు వచ్చింది. చాలా టెన్షన్‌గా ఉంది. పేరు రాసినా తప్పేనా?

జవాబు: మీరు మొదట చేసిన పనిలో పెద్దగా ఇబ్బంది లేదు. రెండోసారి చేసిందే చిక్కు తెచ్చింది.

ఎంబెడ్ కోడ్ పెట్టినప్పుడు ఫైలు యూట్యూబ్ సర్వర్‌లోనే ఉంటుంది. చూసేవారి బ్రౌజర్ అక్కడి నుంచే దాన్ని తెచ్చుకుంటుంది. యజమాని తీసేస్తే మీ పేజీలోనూ ఆగిపోతుంది. ఎంబెడింగ్ వద్దనుకుంటే ఆపేసే వీలూ వారికి ఉంది. డౌన్‌లోడ్ చేసిన క్షణం నుంచి ఆ పట్టు వారి చేతిలో ఉండదు. భారత కాపీరైట్ చట్టం, 1957లోని 14వ సెక్షన్ ప్రకారం కాపీ తీయడం, ఎలక్ట్రానిక్‌గా నిల్వ చేయడం, ప్రజలకు అందించడం యజమానికి మాత్రమే ఉన్న హక్కులు.

యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఈ తేడాను స్పష్టంగా చూపింది. యూట్యూబ్ వీడియోను తమ సైట్‌లో ఫ్రేమ్‌గా (అంటే ఎంబెడ్ చేసి) చూపిన వారి కేసులో, అది కొత్త ప్రేక్షకులకు అందించినట్టు కాదని 2014లో చెప్పింది. 2018లో వచ్చిన మరో కేసు మీ పరిస్థితికి చాలా దగ్గర. ఒక విద్యార్థి ట్రావెల్ సైట్ నుంచి ఫోటో డౌన్‌లోడ్ చేసి ప్రాజెక్టులో వాడితే, బడి దాన్ని తన వెబ్‌సైట్‌లో పెట్టింది. ఎక్కడి నుంచి తీసుకున్నదీ రాశారు. అయినా ఫోటోగ్రాఫర్ అనుమతి మళ్లీ కావాల్సిందేనని కోర్టు తేల్చింది. పేరు రాయడం మంచి పనే, కానీ అది అనుమతి కాదు.

అలాగని ఎంబెడ్ చేస్తే అన్నిచోట్లా ధీమాగా ఉండవచ్చని అనను. అమెరికాలో ఒక అప్పీలు కోర్టు 2007 నుంచీ ఫైలు ఎవరి సర్వర్‌లో ఉందన్నదే చూస్తోంది. న్యూయార్క్‌లోని ఒక ఫెడరల్ కోర్టు 2018లో ఆ వాదనను ఒప్పుకోలేదు. ఇతరులు ఫ్రేమ్ చేయకూడదని యజమాని పెట్టిన సాంకేతిక అడ్డును దాటితే తప్పేనని యూరప్ కోర్టు 2021లో చెప్పింది. ఎవరో దొంగతనంగా ఎక్కించిన కాపీ అని తెలిసీ ఎంబెడ్ చేయడం మరీ ప్రమాదం.

పిల్లల పాఠం కోసమే కదా అని మీరు అనవచ్చు. బోధనకు చట్టంలో మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ అందరికీ తెరిచి ఉన్న సైట్‌లో పూర్తి వీడియో పెట్టినప్పుడు దాని మీదే ఆధారపడమని నేను సలహా ఇవ్వను.

ముందు ఆ పేజీ స్క్రీన్‌షాట్లు, ఎంతమంది చూశారో లెక్క, ఆదాయం ఏమైనా వస్తే ఆ వివరాలు భద్రపరచండి. సర్వర్ లాగ్‌లు చెరపకండి. వెంటనే వీడియో ఫైలును పేజీ నుంచీ, సర్వర్ నుంచీ తీసేయండి; సీడీఎన్ (ఫైళ్ల కాపీలు దాచి వేగంగా అందించే సర్వర్ల వ్యవస్థ) వాడుతుంటే అక్కడ మిగిలిన కాపీని కూడా. కంగారులో క్షమాపణ ఉత్తరం మాత్రం రాయకండి, అడిగిన మొత్తం వెంటనే కట్టకండి. నోటీసు పంపినవారే హక్కుదారులా అన్నది చూడాలి. మీకు ఆదాయం లేకపోతే పరిహారం విషయంలో మాట్లాడుకునే అవకాశం బాగానే ఉంటుంది. నోటీసులో ఇచ్చిన గడువులోపు లాయర్ ద్వారా జవాబు పంపండి.

ఆ వీడియో మళ్లీ కావాలంటే ఎంబెడ్ కోడ్‌తోనే పెట్టండి, ప్రకటనలు కనిపించకుండా ప్లేయర్‌ను మార్చకండి. ప్రకటనలు లేకుండానే కావాలనుకుంటే యజమానికి ఈమెయిల్ రాసి, ఫైలు మీ సర్వర్‌లో ఉంచుతారని, ఏ పేజీలో, ఎంతకాలం ఉంచుతారో చెప్పి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.