సిగ్నళ్లు వినే మన ఇస్రో ఉపగ్రహం ఎమిశాట్ లాంటివి మన ఫోన్లు వింటాయా? వాటిని కక్ష్యలోకి ఎలా పంపుతారు?

ఫోన్ల సంగతి ముందు తేల్చేద్దాం. మీ ఫోన్ సిగ్నల్ గాలిలో దగ్గరి టవర్ దాకా పోతుంది, అక్కడి నుంచి ఫైబర్ కేబుల్ మీదో, టవర్ నుంచి టవర్‌కు రేడియో మీదో సాగుతుంది. దాన్ని వినాలనుకున్నవాడు ఆకాశం ఎక్కాల్సిన పనిలేదు.

ఇలాంటి ఉపగ్రహాలు ముఖ్యంగా చెవిపెట్టేది రాడార్లకు. ఏ ఫ్రీక్వెన్సీ, పల్స్‌కీ పల్స్‌కీ ఎంత ఎడం, ఏ దిక్కు నుంచి వస్తోంది అన్నవి దొరికితే అది ఎలాంటి రాడారో, ఎక్కడుందో అంచనా కట్టొచ్చు. అమెరికా 1960లోనే గ్రాబ్ అనే ఉపగ్రహంతో సోవియట్ రాడార్లను విన్నది. బయటికి మాత్రం సూర్యుడి రేడియేషన్ కొలవడానికని చెప్పింది! మన ఇస్రో కూడా ఎమిశాట్ పని 'విద్యుదయస్కాంత వర్ణపటాన్ని కొలవడం' అని ఒక్క ముక్కతో సరిపెట్టింది.

నేను నల్లగొండలో టీవీ డిష్‌లు బిగిస్తాను. ఫ్రీ డిష్ అయితే ఆగ్నేయానికి తిప్పి, మీటర్‌లో సిగ్నల్ నిలబడ్డాక నట్లు బిగిస్తే చాలు, గాలివాన కదపనంత వరకు మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. ఆ ఉపగ్రహం భూమధ్యరేఖ పైన 36 వేల కిలోమీటర్ల ఎత్తులో భూమితో పాటే తిరుగుతుంది మరి. ఎమిశాట్ ఉన్నది 748 కిలోమీటర్ల ఎత్తులోనే. ధ్రువాల మీదుగా దాదాపు 100 నిమిషాలకో చుట్టు. దగ్గర కాబట్టి సిగ్నల్ బాగా అందుతుంది, కానీ ఒక చోటి మీద ఉండేది కొద్ది నిమిషాలే. ఒకే చోటిని వదలకుండా వినాలంటే పైకి పోవాలి, అక్కడికి చాలా పెద్ద యాంటెన్నా కావాలి. దాన్ని మడిచి పంపి పైన విప్పుతారు.

2019 ఏప్రిల్ 1న పొద్దున 9.27కి ఎమిశాట్‌ను పీఎస్ఎల్‌వీ-సీ45 మీద పంపినప్పుడు నేను శ్రీహరికోట గ్యాలరీలో ఉన్నాను. నిటారుగా లేచిన రాకెట్ కాసేపటికి సముద్రం వైపు ఒరిగింది. పక్కనున్న పెద్దాయన "అయ్యో, పడిపోతున్నదేంది!" అన్నడు. ఒరగాల్సిందే కదా. ఎత్తుకు పోతే సరిపోదు, అడ్డంగా సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగం అందుకోకపోతే మళ్లీ కిందికే వస్తుంది. పైగా తిన్నగా దక్షిణానికి పోతే శ్రీలంక అడ్డం. అందుకే మొదట ఆగ్నేయంగా పోయి, దాటాక దక్షిణానికి మళ్లుతుంది. ఆ మలుపుకు ఇంధనం దండగే, తప్పదు.

436 కిలోల ఎమిశాట్ విడిపోయింది 17 నిమిషాలకు. రాకెట్ చివరి భాగమైన నాలుగో దశ ఇంజన్‌ను మళ్లీ మళ్లీ మండించి, 504 కిలోమీటర్లకు దించి, అక్కడ 28 విదేశీ ఉపగ్రహాలను వదిలారు.

మీరూ చూడాలనుకుంటే నల్లగొండలో నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి గూడూరులో దిగి, సూళ్లూరుపేట పోవాలి. గ్యాలరీకి ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోండి, తొందరగా నిండిపోతుంది.