అరబ్బీ తత్త్వవేత్తలు గ్రీకు గ్రంథాలను భద్రపరిచారు, అంతేనా?

అంతే కాదు, వారు గ్రీకు ఆలోచనను ప్రశ్నించి, సరిదిద్ది, దానికి కొత్త సిద్ధాంతాలను చేర్చారు. ముస్లిం సామ్రాజ్యాన్ని ఏలిన అబ్బాసీ ఖలీఫాల కాలంలో, 8 నుంచి 10వ శతాబ్దం దాకా, బాగ్దాద్‌లో అరిస్టాటిల్ రచనలు చాలావరకు అరబ్బీలోకి వచ్చాయి. వైద్యానికి, ఖగోళ గణనకు, మతచర్చల్లో వాదనకు గ్రీకు శాస్త్రాలు పనికొచ్చేవి కాబట్టే పాలకులూ సంపన్నులూ అనువాదాలకు ధనమిచ్చారు. హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్ వంటి అనువాదకుడు ఒకే గ్రంథానికి దొరికిన రాతప్రతులన్నీ పోల్చి, పాఠాన్ని స్థిరపరచుకున్నాకే కలం పట్టేవాడు.

అరబ్బీలో రాసిన తత్త్వవేత్త, వైద్యుడు ఇబ్న్ సీనా (980–1037) వాదననే చూడండి. లోకంలో త్రిభుజం ఉందో లేదో తెలియకుండానే త్రిభుజమంటే ఏమిటో చెప్పగలం; కాబట్టి ఒక వస్తువు ‘ఏమిటి’ అన్నది వేరు, అది ‘ఉంది’ అన్నది వేరు. తన ఉనికికి మరో కారణం అక్కర్లేనిది దేవుడొక్కడే అనే నిర్ణయానికి ఆయన ఈ భేదం మీదుగానే వచ్చాడు. అరిస్టాటిల్‌లో ఇంత స్పష్టంగా లేని ఈ భేదాన్ని 13వ శతాబ్దంలో ఐరోపా క్రైస్తవ తత్త్వవేత్త థామస్ అక్వినాస్ అందిపుచ్చుకున్నాడు.

అరబ్బీలో రాసిన వీరంతా అరబ్బు ముస్లింలే అనుకోవడం మరో పొరపాటు: హునైన్ క్రైస్తవుడు, ఇబ్న్ సీనా బుఖారా (నేటి ఉజ్బెకిస్తాన్) ప్రాంతపు పారశీకుడు. వారు అరిస్టాటిల్ పేరుతో చదివినదంతా అరిస్టాటిల్ రాసిందీ కాదు. ‘అరిస్టాటిల్ దైవశాస్త్రం’ పేరుతో చెలామణీ అయిన గ్రంథం నిజానికి అరిస్టాటిల్ తర్వాత కొన్ని శతాబ్దాలకు వచ్చిన తత్త్వవేత్త ప్లొటైనస్ రచనకు రూపాంతరం.