పాలిమర్ ఇంప్లాంటుకు పెప్టైడు ఎందుకు అతికిస్తారు?

గోదావరి పాయలో పడవ నిలవాలంటే గట్టు ఒక్కటే చాలదు, తాడు కట్టడానికి గుంజ కావాలి. కణానికీ అంతే. శరీరంలో అమర్చే ఇంప్లాంటుకు వాడే పాలీలాక్టిక్ ఆమ్లం వంటి పాలిమర్‌లో కణం గుర్తుపట్టే గుంజ ఉండదు. శరీరంలో ఆ పనిచేసే ప్రోటీన్లలో ఫైబ్రోనెక్టిన్ ఒకటి. అంత పెద్ద అణువులో కణం ముఖ్యంగా పట్టుకునేది ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం అనే మూడు అమైనో ఆమ్లాల వరుసనేనని 1984లో తేలింది. ఇది నాకు ఇప్పటికీ అబ్బురమే! కణపు పొరలోని ఇంటిగ్రిన్లు అనే ప్రోటీన్లు ఆ వరుసను అందిపుచ్చుకుంటాయి.

ఆ వరుస ఉన్న పొట్టి అమైనో ఆమ్లాల గొలుసే ఇక్కడి పెప్టైడు. దాన్ని పాలిమర్ మీద ఊరికే పూస్తే కొట్టుకుపోతుంది. అందుకే పాలిమర్ పైపొరను క్షారంతోనో ప్లాస్మా అనే విద్యుదావేశిత వాయువుతోనో మార్చి, అక్కడ బయటపడిన కార్బాక్సిల్ (ఆమ్ల) సమూహాలకు పెప్టైడులో నైట్రోజన్ ఉండే అమైన్ కొసను రసాయన బంధంతో బిగిస్తారు. ఎడం కూడా ముఖ్యమే: గుంజకూ గుంజకూ మధ్య సుమారు 70 నానోమీటర్లు దాటితే కణం పట్టు సడలుతుంది.