బంతి, చామంతి పూలు మాడిపోతుంటే ఏ మందు కొట్టాలి?

పూలు విచ్చుకునేలోపే రేకులు గోధుమరంగుకు తిరిగి మాడిపోతున్నాయి, మందుల దుకాణంలో ఇచ్చింది కొట్టినా తగ్గలేదు, ఇంకేం కొట్టాలి అని అడిగారు. బిళ్ళగన్నేరు ఉన్నట్టుండి వాడిపోతోందని కూడా రాశారు.

ఇంకేమీ కొట్టకండి. ముందు ఒక పువ్వు తెంపి తెల్ల కాగితం మీద దులపండి.

ఇది మా బాపు చూపించిన పద్ధతి. మాది నర్సంపేట దగ్గర ఊరు, మిర్చి పండిస్తాం. 2021 చివర్లో వరంగల్, ఖమ్మం వైపు మిర్చి చేన్లను నల్ల తామర పురుగు ఎట్లా నాశనం చేసిందో ఇక్కడి రైతులెవరూ మరిచిపోరు. పువ్వులో చేరి పూతంతా రాల్చేసింది. ఆ చలికాలంలోనే బాపు హనుమకొండలో మా ఇంటికి వచ్చాడు. గేటు పక్కన బంతి మొక్కలు చూసి లోపలికి రాకుండా అక్కడే ఆగిపోయాడు. పెళ్ళికార్డు ఒకటి తెమ్మని, దాని వెనకవైపు మీద సగం విచ్చుకున్న పువ్వును పట్టి వేలితో కొట్టాడు. కంటికి ఆననంత సన్నటి నల్ల పురుగులు అట్ట మీద అటూ ఇటూ ఉరికాయి. "గిదే బిడ్డా, మన చేన్ల గూడ గిదే ఉన్నది. మందులు కొట్టీ కొట్టీ అప్పులే మిగిలినయ్" అన్నాడు. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

మందుకు ఎందుకు లొంగదో కూడా ఆయనే చెప్పాడు. గుడ్లు ఆకు లోపల పెడుతుంది, పెద్ద పురుగులు రేకుల మధ్య దాక్కుంటాయి, రెక్కల పురుగుగా మారే ముందు ఉండే ప్యూపా దశ మట్టిలో గడుస్తుంది. పైన కొట్టే మందు తగిలేది ఎన్నింటికి? పైగా దాన్ని తినే మంచి పురుగులు ముందుగా చస్తాయి.

ఆ రోజు మాడిన పూలూ మొగ్గలూ అన్నీ తెంపించాడు. పాలిథిన్ కవర్లో మూతి కట్టి ఎండలో పడేశాం. కింద రాలిన ఆకులు ఊడ్చి మట్టిని గుల్ల చేశాం. నీలిరంగు జిగురు అట్టలు మొక్కల ఎత్తులో కట్టాం. సాయంత్రం పూట లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్ళు కలిపి కొట్టాం. పొద్దున కొడితే తేనెటీగలకు దెబ్బ. యూరియా పూర్తిగా మానేశాం, లేత ఆకు ఎంత ఎక్కువ ఉంటే పురుగుకు అంత పండగ. తర్వాత వచ్చిన మొగ్గలు చాలావరకు బాగానే విచ్చుకున్నాయి.

నన్నడిగితే ఇంటి ముందు పూలమొక్కలు పురుగుతో చచ్చేదానికంటే మందుతో చచ్చేదే ఎక్కువ. దుకాణంలో మొక్కకు ఏమైందని కూడా అడగరు, రెండు మూడు సీసాలు కలిపి చేతిలో పెడతారు. ఎండాకాలంలో ఆకులు పాలిపోయి అడుగున సన్నటి గూడు కనిపిస్తే అది ఎర్రనల్లి. నల్లి పురుగు కాదు, సాలీడు జాతి. మామూలు పురుగుమందు దాన్ని చంపదు, దాని శత్రువులను చంపి దాన్ని ఇంకా పెంచుతుంది. దానికి నీటిలో కలిసే గంధకం పొడి లీటరుకు 3 గ్రాములు చాలు. మిట్టమధ్యాహ్నం కొట్టొద్దు, వేపనూనె కొట్టిన రెండు వారాల దాకా కొట్టొద్దు, ఆకు మాడుతుంది.

నాకు కోపం తెప్పించేది ఇంకొకటి. ఆ బంతిపూలతోనే మనం బతుకమ్మ పేరుస్తాం. పిల్లలు ఒళ్ళో పోసుకుని కూర్చుంటారు, సద్దుల నాడు పద్మాక్షి గుండంలో వదులుతాం. డబ్బా మీద ఎర్ర ముక్కోణమో పసుపు ముక్కోణమో ఉన్న మందు, అంటే బాగా విషమున్న మందు, పండగకు ముందు ఆ పూల మీద కొట్టడానికి చేతులెట్లా వస్తాయి?

బిళ్ళగన్నేరుది పురుగు కాదు, నీళ్ళ గొడవ. మా కాలనీలో రాత్రి భోజనాలయ్యాక పైపు పట్టుకుని ఆకుల మీద నుంచి పోస్తారు, తెల్లవార్లూ తడి ఆరదు. బంతికి ఆకుమచ్చ, బిళ్ళగన్నేరుకు మొదలు కుళ్ళు అట్లాగే వస్తాయి. వాడిన మొక్కను వేరుతో పీకేయండి, అదే చోట మళ్ళీ బిళ్ళగన్నేరు పెట్టకండి. మిగతా వాటికి పొద్దున కుదుట్లో మాత్రమే పోయండి, అదీ పైమట్టి ఆరాకే. మీవి కుండీలైతే అడుగున రంధ్రం మూసుకుపోయిందేమో ఈరోజే చూడండి.