ఆ ప్రొటీన్‌ని ఏం అడిగావు?

అమ్మాయీ,

రక్తంలోనో కణితిలోనో కొలిచి క్యాన్సర్ సంగతి చెప్పే ప్రొటీన్ల మీద, అంటే మార్కర్ల మీద, నీ వ్యాసం అందింది. అందులో రక్తంలో కొలిచే సీఈఏ అనే ప్రొటీన్ గురించి రాసిన "ఆపరేషన్ తర్వాత సీఈఏ 5 లోపుంటే రోగి గండం గట్టెక్కినట్టే" అన్న వాక్యం దగ్గర నాకు ఒళ్లు మండింది. పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ అయి, రిపోర్టు చేత్తో పట్టుకున్న మనిషి చదువుతాడు దాన్ని. 4.8 చూసి ఒకడు చెకప్‌లు మానేస్తాడు. 6.1 చూసి ఇంకొకడు అన్నం మానేస్తాడు.

1965లో మాంట్రియల్‌లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ సీఈఏని కనిపెట్టారని రాశావు, సరే. ఆ తర్వాత జరిగింది ఎందుకు రాయలేదు? దానితో క్యాన్సర్‌ని ముందే పట్టేయొచ్చని ఆశపడ్డారు, కుదరలేదు. సిగరెట్ తాగేవాళ్లలో పెరుగుతుంది, లివర్ జబ్బుల్లో, పేగు వాపుల్లో పెరుగుతుంది. కొన్ని కణుతులు దాన్ని రక్తంలోకి పెద్దగా వదలనే వదలవు. ఇప్పుడు దానికి మిగిలిన పని చిన్నదే కానీ గట్టిది. ఆపరేషన్‌కి ముందు బాగా ఎక్కువుంటే జబ్బు తిరగబెట్టే భయం ఎక్కువ. ఆపరేషన్ అయ్యాక నాలుగైదు వారాల్లో దిగకపోయినా, దిగి మళ్లీ ఎక్కుతున్నా స్కాన్ తీసి వెతకాలి. చూడాల్సింది ఒక్క అంకెని కాదు, పరీక్ష పరీక్షకీ అది ఎటు పోతోందన్నది.

ఇక నా చాదస్తం. మార్కర్ గురించి రాసే ముందు అది ఏ ప్రశ్నకు జవాబో చెప్పాలి. ఏ మందు ఇచ్చినా ఇవ్వకపోయినా ఈ జబ్బు ఎలా నడుస్తుందన్నది ఒక ప్రశ్న. ఫలానా మందు ఈ మనిషికి పనిచేస్తుందా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. నువ్వు రెండిటినీ ఒకే వాక్యంలో కుక్కేశావు.

కణం పైన ఉండి, పెరగమనే సంకేతాన్ని లోపలికి పంపే ప్రొటీన్ ఈజీఎఫ్ఆర్‌నే తీసుకో. దాన్ని అడ్డుకునే సెటుక్సిమాబ్ అనే మందుకి 2004లో అమెరికాలో పెద్దపేగు క్యాన్సర్ కోసం అనుమతి ఇచ్చినప్పుడు, కణితిలో ఆ ప్రొటీన్ కనిపించిన వాళ్లకే ఇవ్వమన్నారు. వినడానికి ఎంత సబబుగా ఉంది! తీరా చూస్తే ప్రొటీన్ దండిగా ఉన్నవాళ్లలో చాలామందికి మందు పనిచేయలేదు, కనిపించని వాళ్లలో కొందరికి పనిచేసింది. అసలు గుట్టు కణం లోపలున్న కేఆర్ఏఎస్ అనే ఇంకో ప్రొటీన్‌లో ఉందని 2008 నాటికి తేలింది. దాని జన్యువులో మార్పు వస్తే, పైన ఈజీఎఫ్ఆర్‌ని ఎంత అడ్డుకున్నా లోపల సంకేతం ఆగదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు కదా. ఇలా ఓడిపోయిన మార్కర్ల గురించి నీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు.

రెండు ప్రశ్నలకూ జవాబిచ్చేవి లేకపోలేదు. ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 అనే నాలుగు డీఎన్ఏ రిపేరు ప్రొటీన్లలో ఏదైనా కణితిలో లేకపోతే, రెండో స్టేజీ వాళ్లకి మామూలుగా భవిష్యత్తు మెరుగు. అలాంటి వాళ్లకి 5-ఎఫ్‌యూ అనే కీమో మందు ఒక్కటే ఇస్తే పెద్దగా లాభం ఉండదు. జబ్బు వేరే అవయవాలకి పాకినవాళ్లలో అదే లోటు ఇమ్యునోథెరపీకి, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే వైద్యానికి, దారి చూపిస్తుంది. నువ్వు దీనికి ఒకటిన్నర లైను ఇచ్చి, మనుషుల మీద ఇంకా సరిగ్గా పరీక్షించని ప్రొటీన్ల జాబితాకి పేజీన్నర ఇచ్చావు.

ఎందుకిచ్చావో తెలుసు. ఎడిటర్లకి "సంచలనం" కావాలి. ఒకాయన నా వ్యాసంలో "అయితే" అని మొదలైన ప్రతి పేరా కొట్టేసి, పైన "ఒక్క చుక్క రక్తంతో జాతకం" అని పెట్టాడు. గొడవపడ్డాను. చాలాకాలం ఆ పత్రిక నాకు పని ఇవ్వలేదు. ఇల్లు గడవక మందుల కరపత్రాలకి ప్రూఫులు దిద్దాను. తమాషా ఏమిటంటే, కటాఫ్‌ల మోసం, అంటే ఇంత దాటితే ప్రమాదం అని గీసే గీతల మోసం, నాకు అర్థమైంది అక్కడే. ఫలితాలన్నీ ముందేసుకుని, ఎక్కడ గీత గీస్తే తేడా పెద్దగా కనిపిస్తుందో అక్కడే గీస్తారు. ఇంకో ఊరి రోగుల మీద అదే గీత నిలబడదు. మార్కర్ అధ్యయనాలు ఇలాంటివి దాచకుండా చెప్పాలని 2005లో రిమార్క్ మార్గదర్శకాలు వచ్చాయి. అవి చదువు, విసుగ్గా ఉన్నా సరే.

ల్యాబ్ బయట రిపోర్టు కవరు విప్పకుండా కూర్చున్న పెద్దాయన పేరా బాగుంది, దాని జోలికి వెళ్లకు. కలం పేరు సంగతీ, పారితోషికం సంగతీ తర్వాత మాట్లాడదాం. మూడో పేజీ మొత్తం తిరగరాసి పంపు. వ్యాసానికి జతచేసిన ఆ బొమ్మ తీసెయ్, అది డీఎన్ఏ. నువ్వు రాసింది ప్రొటీన్ల గురించి.