రోజూ 200 జంప్‌లు చేస్తున్నా జంప్ ఎత్తు ఎందుకు పెరగడం లేదు?

ప్రశ్న: నాకు 19 ఏళ్లు, వాలీబాల్ ఆడతాను. ఆర్నెల్లుగా రోజూ 200 దాకా బాక్స్ జంప్‌లు (నేల మీంచి ఎత్తైన పెట్టె మీదికి ఎగరడం) చేస్తున్నాను. మొదట్లో జంప్ కొంత పెరిగింది, తర్వాత అక్కడే ఆగిపోయింది. నెల రోజులుగా మోకాలిచిప్ప కింద నొప్పి. బరువులు ఎత్తితే కాళ్లు బిగుసుకుపోయి జంప్ తగ్గుతుందంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: బరువులు ఎత్తితే జంప్ తగ్గదు. మీ సాధనలో లేనిదే అది. పాదాలు నేలను వదిలేలోపు దొరికే కొద్ది క్షణంలో ఎంత బలంగా తొక్కారన్న దాన్నిబట్టే ఎత్తు వస్తుంది. రోజుకు 200 జంప్‌లతో ఓర్పు పెరుగుతుంది తప్ప ఆ బలం రాదు. పైగా అలసిపోయాక చేసే జంప్‌లు నెమ్మదిస్తాయి, కాళ్లు ఆ నెమ్మదికే అలవాటు పడతాయి.

ముందు నొప్పి సంగతి. చిప్ప కింది అంచున వేలితో నొక్కితే ఒక్కచోటే నొప్పి పుడుతుంటే అది చాలావరకు ‘జంపర్స్ నీ’. అంటే చిప్పను కాలి ఎముకతో కలిపే పట్టీలాంటి టెండన్ మోయలేనంత భారం పడుతోందన్నమాట. పూర్తి విశ్రాంతి తీసుకుంటే నొప్పి తగ్గుతుంది గానీ టెండన్ ఇంకా బలహీనపడి, ఆట మొదలెట్టగానే తిరగబెడుతుంది. అందుకే బాక్స్ జంప్‌లు మాత్రం ఆపి, గోడకు ఆనుకుని కుర్చీలో కూర్చున్నట్టు 45 సెకన్లు నిలవండి. మధ్యలో 2 నిమిషాలు ఆగుతూ 5 సార్లు, రోజూ. నొప్పి పదికి మూడు దాటకూడదు. మర్నాడు ఉదయం మెట్లు దిగేటప్పుడు నిన్నటికంటే ఎక్కువ నొప్పిగా ఉంటే మోకాలు తక్కువ వంచండి.

రెండు మూడు వారాల్లో నొప్పి అదుపులోకొచ్చాక స్క్వాట్ (బరువుతో గుంజీ), రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (బరువు పట్టుకుని, వీపు వంచకుండా తుంటి దగ్గర ముందుకు వంగి లేవడం), కాఫ్ రైజ్ (మడమలెత్తి మునివేళ్ల మీద లేవడం) వారానికి 2 లేదా 3 రోజులు చేయండి. తేలికపాటి బరువుతో 12 సార్లు చొప్పున మొదలుపెట్టి, వారాలు గడిచేకొద్దీ బరువు పెంచుతూ 5-6 సార్లకు రండి. మొత్తం 4 సెట్లు. దిగడానికి 3 సెకన్లు, లేవడానికి 3 సెకన్లు. సెట్ల మధ్య 2-3 నిమిషాలు ఆగాల్సిందే. ఆయాసపడుతూ చేస్తే బరువు తగ్గించుకోవాల్సి వస్తుంది. కాఫ్ రైజ్ మోకాలు చాచి ఒకసారి, వంచి ఒకసారి చేయండి, వంచినప్పుడే పిక్కలో లోతుగా ఉండే కండరానికి ఎక్కువ పని. టెండన్ మార్పుకు దాదాపు 12 వారాలు పడుతుంది. చాలామంది ఆరో వారంలోనే మానేస్తారు.

ఒంటికాలి స్క్వాట్ నొప్పి లేకుండా చేయగలిగాక మళ్లీ జంప్‌లు మొదలెట్టొచ్చు. వారానికి రెండుసార్లే, మధ్యలో కనీసం 48 గంటల విరామంతో. సెట్‌కు 5 చొప్పున ఒక రోజుకు 50-60 చాలు, కానీ ప్రతిదీ పూర్తి శక్తితో. ఎత్తు తగ్గుతుంటే ఆ రోజుకు ఆపేయండి. బాక్స్ ఎత్తు చూసి మురిసిపోకండి, అందులో సగం ఘనత మోకాళ్లు ముడుచుకోవడానిదే! గోడ మీద గుర్తు పెట్టి కొలుచుకోండి. దిగేటప్పుడు ఎదురుగా ఫోన్‌లో వీడియో తీయించుకుని, మోకాళ్లు లోపలికి పడుతున్నాయేమో చూడండి. బాక్స్ మీంచి దూకి వెంటనే ఎగిరే డెప్త్ జంప్ చివర్లో, 30 సెంటీమీటర్ల నుంచి. మడమలు నేలను గట్టిగా తాకి కాసేపు ఆగిపోతుంటే బాక్స్ మీకు ఎక్కువైనట్టే. చీలమండకు బరువులు కట్టుకుని ఎగరొద్దు.

మోకాలు వాచినా, కదలకుండా పట్టేసినా, నడుస్తుండగా జారిపోతున్నట్టున్నా, రాత్రి నిద్ర లేపేంత నొప్పి ఉన్నా వ్యాయామాలు ఆపి ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించండి. త్వరలో మ్యాచ్ ఉందని టెండన్‌లోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ మాత్రం వేయించుకోకండి. నొప్పి కొన్నాళ్లు తెలియదు కానీ, బలహీనపడ్డ టెండన్ తెగిపోయే ప్రమాదం ఉంది.